రెయిలింగుకి వల కట్టిన పార్కు

పార్కుల పనిలో కొత్తగా చేరబోయే పిల్లలకి ముందుగా ఒక మాట. "మావాడికి పార్కులో ఉద్యోగం" అని మీ ఇంట్లోవాళ్ళు చెప్పగానే వినేవాళ్ళు నవ్వుతారు. పార్కులో ఉద్యోగమంటే బెంచీ మీద కూర్చుని పల్లీలు తినడమని వాళ్ళ అభిప్రాయం. నవ్వనివ్వండి. నేను జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి, తెల్లబడ్డాక దిగాను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పార్కు బెంచీ మీద తీరిగ్గా కూర్చోలేదు. పని ఎక్కువై కాదు. ఎవరో ఒక పెద్దమనిషి వస్తున్నాడని బెంచీలకి రంగు వేయించేవాళ్ళు. అది ఆరేలోపు ఇంకో పెద్దమనిషి వచ్చేవాడు.

మాది తగరపువలస దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. ఏడో తరగతిలో నేనూ లెక్కల మాస్టారూ ఒకరినొకరు వదులుకున్నాం. ఇద్దరం సుఖపడ్డాం. చేలో నీళ్ళు కట్టడం తెలుసు కాబట్టి విశాఖపట్నంలో మొక్కలకి నీళ్ళు పోసే పనిలో పెట్టుకున్నారు. దిగేనాటికి మేస్త్రీని. మధ్యలో ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానన్నది మా ఆవిడకి తప్ప ఎవరికీ అక్కర్లేదు, అంచేత వదిలేస్తున్నాను.

రిబ్బను దాకా ఉండే డబ్బు

ఊరి డబ్బు పార్కుల మీద ఎలా ఖర్చవుతుందో మీకు ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. రాసేవాళ్ళు ప్రారంభోత్సవానికి వచ్చి, టీ తాగి, వెళ్ళిపోతారు. నేను మర్నాడు కూడా ఉండేవాణ్ణి.

పార్కు కట్టడానికి డబ్బొస్తుంది. పార్కు బతకడానికి రాదు. ఇదొక్కటి గుర్తుంచుకుంటే మీకు సగం ఉద్యోగం వచ్చేసినట్టే. ఒకసారి నడి ఎండాకాలంలో ప్రారంభోత్సవం పెట్టారు. చాపల్లా చుట్టుకొచ్చిన పచ్చగడ్డిని లారీల్లో దింపి, రాత్రికి రాత్రి పరిపించారు. పొద్దున్నే ఎంత పచ్చగా ఉందంటే, వచ్చిన పెద్దమనిషి చెప్పులు విప్పి నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే ఆ పార్కుకి నీళ్ళ కనెక్షన్ ఇంకా రాలేదు. వారం తిరిగేసరికి గడ్డి నా గడ్డం రంగుకి వచ్చింది. గేటుకి కట్టిన రిబ్బను ముక్క మాత్రం చాలాకాలం ఎర్రగా ఉంది.

నా బాసుల్లో ఒకాయనకి బొమ్మలంటే ప్రాణం. చెత్తబుట్టలన్నీ పెంగ్విన్ ఆకారంలో చేయించాడు. మన ఉక్కపోతలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ ఆ పక్షుల్ని చూస్తే చెత్త వెయ్యబుద్ధి కాదు, మజ్జిగ పొయ్యబుద్ధవుతుంది. ఒక్క పెంగ్విన్ ఖరీదుతో రెండు వేపమొక్కలు నాటి, చుట్టూ కంచె కట్టి, ఏడాదిపాటు నీళ్ళు పోయించొచ్చు. ఆ మాట బాసుతో అన్నాను. "వేపమొక్క ఎవరికయ్యా కొత్త?" అన్నాడు. నిజమే. నీడ పాతది. అందుకే దాన్ని ఎవరూ ప్రారంభించరు.

కూర్మన్నపాలెం వైపు ఒక పార్కు నా చేతికింద ఉండేది. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరవడం, మధ్యలో తాళం వెయ్యడం. అన్ని పార్కులకీ అదే రూలు. ఒకరోజు ఉదయం ఎండెక్కాక, ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే ఒకాయన కూతుర్ని స్కూటర్ మీద తీసుకొచ్చాడు. గేటుకి తాళం చూసి నన్ను అడిగాడు:

"ఏటి బావ, మీ పార్కు కూడా జనరల్ షిఫ్టేనా?"

"రూలు బావ."

"నాకు ఈ వారం మద్దేన్నం షిఫ్టు. నాను ఇంటికాడ ఉన్నప్పుడు నీ ఉయ్యాల పడుకుంటాది, నీ ఉయ్యాల లేసినప్పుడు నాను డూటీలో ఉంటాను. ఇంక నా పిల్లని ఎవుడు ఊపుతాడు, నువ్వా?"

రూలు పైవాళ్ళది. తాళంచెవి మాత్రం నా దగ్గర ఉంది. తీశాను. ఆ ఊళ్ళో మూడు షిఫ్టుల మనుషులు బతుకుతుంటే పార్కు ఒక్కటే ఆఫీసరులా టైముకి వచ్చి టైముకి పోతుంది. పైసా ఖర్చు లేకుండా పార్కుని రెట్టింపు చెయ్యాలంటే గేటు తీసి ఉంచండి, అంతే.

ఇవన్నీ చిన్నవి. నాకు ఈ పనిని నిజంగా నేర్పింది ఒక జాలర్ల పేట.

ఖాళీ స్థలం

ఆ పేట పేరు రాయను. రాస్తే మా పాత బాసులు ఫోన్ చేసి "నా గురించేనా?" అని తగువు పెట్టుకుంటారు. రాయకపోతే ప్రతివాడూ పక్కవాడి గురించే అనుకుని హాయిగా చదువుకుంటాడు.

ఊరిని ఆనుకుని, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇళ్ళకీ రోడ్డుకీ మధ్య చదునైన జాగా ఉండేది. అక్కడ పార్కు కట్టమని డబ్బు వచ్చింది. పని చూసే ఇంజినీరు మూర్తి గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. చెయ్యి శుభ్రం, మాట నెమ్మది, పని గట్టి. ఒక్కటే బలహీనత, ఫౌంటెన్లు. కొందరికి మైసూర్ పాక్ ఎలాగో ఆయనకి ఫౌంటెన్ అలాగ.

మూర్తి గారు ఆ జాగాని కొలవడానికి ఒక తెల్లవారుజామున వెళ్ళారు. టేపు రెండో కొస నా చేతిలో ఉంది. మగవాళ్ళంతా వేటకి పోయారు, వలలు వాళ్ళతోపాటు పడవల్లో ఉన్నాయి. ఆడవాళ్ళు చేపలు అమ్మడానికి గంపలెత్తుకుని వెళ్ళారు. జాగాలో రెండు కుక్కలు, అక్కడక్కడ పాతిన పాత సరుగుడు గుంజలు తప్ప ఏమీ లేవు. మూర్తి గారు ప్లాన్ మీద 'ఖాళీ స్థలం' అని రాసుకున్నారు. కోత అయిపోయిన నెలలో వచ్చి, ఈ పొలం ఎవరికీ పనికిరాదని రాసుకోవడం లాంటిదది.

ప్లాన్ బ్రహ్మాండంగా వచ్చింది. చుట్టూ ఇనుప రెయిలింగు, గడ్డి, నడిచే బాట, పిల్లలకి ఉయ్యాలలు, నీలం రంగు సిమెంటు డాల్ఫిన్. రెండో విడతలో ఆ డాల్ఫిన్ నోట్లోంచి రంగురంగుల లైట్లతో నీళ్ళు ఎగజిమ్మే ఫౌంటెన్. కాంట్రాక్టరు వచ్చి ముందు ఆ సరుగుడు గుంజలు పీకించి చెత్తలో వేయించాడు. ఎండాకాలం మొదలయ్యేసరికి రెయిలింగు, ఉయ్యాలలు, డాల్ఫిన్, కుళాయిలు తయారు.

సరిగ్గా అప్పుడే వేట నిషేధం వచ్చింది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండాకాలంలో మర పడవల్ని కొన్నాళ్ళు సముద్రంలోకి వెళ్ళనివ్వరు. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. ఆ రోజుల్లో జాలర్లకి మిగిలే పెద్ద పని వలలు బాగుచేసుకోవడం. వలని ముద్దగా పడేసి కుట్టలేరు. ఒక కొస దేనికైనా కట్టి, బిగువుగా లాగి పట్టుకుంటేనే ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. సూది పట్టుకుని, తెగిన కన్ను వెంట కన్ను అల్లుకుంటూ పోవాలి. మేం చెత్తలో వేయించిన ఆ సరుగుడు గుంజలు అందుకే.

గట్టి గుంజలు

నిషేధం వచ్చిన మూడు నాలుగు రోజులకి మూర్తి గారూ నేనూ పార్కు చూడ్డానికి వెళ్ళాం. రెయిలింగు పొడుగునా వలలు. ఉయ్యాల స్తంభానికి ఒక వల, డాల్ఫిన్ మెడకి ఒకటి. పార్కు నిండా జనం కూర్చుని అల్లుకుంటున్నారు, రేడియో మోగుతోంది, పిల్లలు వలల కిందనుంచి దూరి దొంగాట ఆడుతున్నారు. మూర్తి గారు స్కూటర్ దిగకుండానే, "ఇదేంటయ్యా పైడిరాజూ!" అన్నారు. ఆ పేరు నాదే.

ఎర్రయ్య అనే పడవ యజమాని మమ్మల్ని చూసి, సూది నోట్లో పెట్టుకుని లేచి వచ్చాడు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"బాబూ, మంచి పని సేసినారు. మా గుంజలు పుచ్చిపోనాయి. పీకించీసి ఇనుప గుంజలు ఏయించినారు. సుట్టూరా! రంగు కూడా ఏసినారు!"

మూర్తి గారు నా వైపు చూశారు. నేను డాల్ఫిన్ వైపు చూశాను.

"ఇవి గుంజలు కావయ్యా, రెయిలింగు. ఇది పార్కు. వలలు తీసెయ్యాలి. కొద్దిరోజుల్లో కమిషనర్ మేడమ్ వస్తున్నారు."

ఎర్రయ్య నోట్లోంచి సూది తీశాడు. అతని ముఖంలో నవ్వు పోవడం నేను చూశాను.

"తీసీమంటే ఎక్కడ కట్టుకోవాల బాబూ? రోడ్డు మీద కడితే ఆటోలు తొక్కీత్తాయి. ఇసకలో పరిత్తే కాళ్ళు కాలిపోతాయి, గుంజ నిలబడదు. నిసేదం ఎత్తీసిన్నాటికి వల అవ్వకపోతే నా పడవ ఒడ్డునే కూకుంటాది. సముద్రం మీద తొలి ఏటే మాకు ఏడాది కూడు. ఆ సేపల మీదే పడవ అప్పు తీరాల, ఇల్లు గడవాల."

పక్కనే వల పట్టుకుని కూర్చున్న అతని భార్య నూకాలమ్మ నన్ను వదల్లేదు. "ఏటి మేస్త్రి బాబూ, నువ్వు ఇటుపక్క మనిసివేనా? మీ సేలో కళ్ళం ఏసుకునే సోట డాల్పిన్ బొమ్మ ఎడితే ఊరుకుంతావా?"

మా నాన్న మా కళ్ళంలో ఎవరైనా డాల్ఫిన్ పెడితే దాన్ని గడ్డివాముగా మార్చేసేవాడు. ఆ మాట ఆమెతో అనలేదు. కమిషనర్ వచ్చేదాకా ఎవరూ వలలు ముట్టుకోవద్దని వాచ్‌మన్‌కి చెప్పింది మాత్రం నేనే. అది నా అధికారంలో లేదు. గట్టిగా చెబితే అధికారం ఉన్నట్టే వినిపిస్తుంది, అంతే.

మన సెక్షన్

ఆ సాయంత్రం మూర్తి గారిని టీ కొట్టుకి తీసుకెళ్ళాను. బాసుతో వాదించాలంటే ఆఫీసులో వాదించకండి. ఆఫీసులో కుర్చీ ఆయనది. టీ కొట్టులో ఇద్దరికీ బల్ల ఒక్కటే.

"సార్, ఫౌంటెన్‌కి కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

"అది వేరే సెక్షన్."

"ఉప్పుగాలికి మోటారు పాడైతే?"

"అది ఇంకో సెక్షన్."

"మరి మన సెక్షన్?"

"మనది కట్టడం వరకే" అన్నారు, అని తన మాట తనకే వినిపించి ఆగిపోయారు. టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "నేను కట్టిన ఫౌంటెన్లలో ఇప్పుడు ఎన్ని ఆడుతున్నాయి పైడిరాజూ?"

"ప్రారంభోత్సవం నాడు అన్నీ ఆడాయి సార్."

ఆయన నవ్వలేదు. నేను కూడా కాసేపు జోకులు ఆపాను. ఆ పేటవాళ్ళకి కావలసింది నీడ, గట్టి గుంజలు అని చెప్పాను. అవి ఉంటే రెయిలింగు జోలికి, ఉయ్యాల జోలికి రారు. మూర్తి గారు జేబులోంచి పెన్ను తీసి సిగరెట్ పెట్టె అట్ట మీద గియ్యడం మొదలుపెట్టారు. మూల నుంచి మూలకి పొడుగాటి మంటపం, పైన రేకు కాకుండా పెంకు, రెండు వరసల స్తంభాలు. గాలి ఏ వైపునుంచి వస్తుందో చూసి స్తంభాల వరస మార్చారు. నాకు తట్టనివి ఆయనకి తట్టాయి. గీస్తున్నంతసేపూ ఆ మనిషి ఫౌంటెన్ సంగతి మరిచిపోయాడు.

"స్తంభాలకి కొక్కేలు కావాలి కదా" అన్నారు. "ఎందుకని రాయను? పార్కు డబ్బుతో వలల కొక్కేలు అంటే పైవాళ్ళు ఒప్పుకోరు."

"పూలబుట్టలు వేలాడదీయడానికి అని రాయండి సార్."

"పూలబుట్టలు ఉండవు కదయ్యా."

"మన ఫౌంటెన్లలో నీళ్ళున్నాయా సార్?"

ఈసారి నవ్వారు.

మేడమ్ వచ్చిన ఉదయం

కమిషనర్ మేడమ్ వచ్చేరోజుకి వలలన్నీ మడిచి పడవల్లో పెట్టేలా ఒప్పందం చేశాం. ఆ ఒక్క పూటే. పెట్టారు కూడా. ఒక్క నూకాలమ్మ వల తప్ప. సగం అల్లిన వల విప్పితే చిక్కుపడిపోతుందని ఆమె ఉయ్యాల స్తంభానికీ డాల్ఫిన్‌కీ మధ్య అలాగే ఉంచేసింది. మేడమ్ కారు ఆగింది. దిగగానే ఆమెకి కనిపించింది మేం కడిగించిన బాట కాదు, ఆ వలే.

"ఇదేమిటి?" అన్నారు.

మూర్తి గారు నోరు తెరిచేలోపు నూకాలమ్మ అందుకుంది. "వలమ్మా. రొయ్యలకి. మీరు ఇక్కడ నీళ్ళు ఎగిరే ఫౌంటేను ఎడతారట కదా?"

"అవును. పిల్లలు చూసి సంతోషపడతారు."

"ఎదరే సముద్రం ఎగురుతుంటే, లోపల కుళాయి ఎగరడం సూడ్డానికి ఎవులొత్తారమ్మా? మాకు నీడెయ్యండి. ఆడోళ్ళకి ఒక బాత్రూం కట్టండి, లోపల గెడ ఉండాల, నీళ్ళు రావాల. పొద్దస్తమానం ఇక్కడే కూకుంటాం మేం. మొగోళ్ళకి సముద్రం ఉంది. మాకేటుంది?"

అక్కడున్న ఆఫీసర్లందరూ ఒక్కసారిగా సముద్రం వైపు చూశారు. మేడమ్ మాత్రం నూకాలమ్మ వైపే చూశారు. తర్వాత వలని వేలితో తట్టి, "మూర్తి గారూ, మీరేమంటారు?" అని అడిగారు.

మూర్తి గారు ఫైలు తెరిచారు. ఫౌంటెన్ బొమ్మ పైన ఉంది. దాన్ని పక్కకి తీసి, కింద మడిచి పెట్టుకున్న మంటపం బొమ్మ బయటపెట్టారు. సిగరెట్ అట్ట కాదు, చక్కగా మళ్ళీ గీయించి తెచ్చింది. చివర బాత్రూం కూడా ఉంది. నాకు తెలియకుండా చేర్చారు. బాసుల్లో మంచివాణ్ణి ఎలా గుర్తుపట్టాలని అడుగుతారు కదా, ఫైల్లో రెండో కాగితం ఉన్నవాడు.

మేడమ్ చాలాసేపు చూశారు. "ఇప్పటికి వెదురు గుంజలు, తాటాకు పందిరి వేయించండి. వీళ్ళ వల్ల పార్కు పాడు కాకపోతే ఇది కట్టండి. పాడైతే గేటుకి తాళం పడుతుంది, వలలు బయటే. పూచీ ఎవరిది?"

"నాది మేడమ్" అన్నారు మూర్తి గారు. అప్పుడే చెమట తుడుచుకున్నారు.

కుళాయిలు

నిషేధం అయ్యేదాకా పందిరి కింద వలలు అల్లారు. పార్కులో ఒక్క మొక్క విరగలేదు. పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా మనుషులున్న చోటికి పేకాటవాళ్ళు రాలేదు, తాగుబోతులు రాలేదు. దాంతో చుట్టుపక్కల వీధుల ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని రావడం మొదలుపెట్టారు. పడవలవాళ్ళ పిల్లలకీ రోడ్డు అవతలి అపార్టుమెంటు పిల్లలకీ ఉయ్యాల దగ్గర రోజుకో యుద్ధం, రోజుకో సంధి.

నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున ఎర్రయ్య పడవ అందరికంటే ముందు కదిలింది. వల పూర్తయింది. పందిరి కింద ఎవరూ లేరు. మళ్ళీ 'ఖాళీ స్థలం'.

రెండు రోజులు తిరగలేదు. కుళాయిలు పోయాయి, నాలుగూ. ఉయ్యాల గొలుసు పోయింది. పైపు విరిగి నీళ్ళు బాట మీద పారుతుంటే, పూచీ పడ్డ మూర్తి గారు ప్యాంటు పైకి మడిచి అందులో నిలబడ్డారు. పార్కు పాడైంది. మేడమ్‌కి ఏం చెప్పాలి?

"ఎప్పుడు పోయాయి?" అన్నారు.

"వాళ్ళు వెళ్ళాక సార్."

"వాళ్ళు ఉన్నన్నాళ్ళూ?"

"మేకు కూడా పోలేదు సార్."

మూర్తి గారు అక్కడినుంచే మేడమ్‌కి ఫోన్ చేసి ఆ రెండు ముక్కలూ ఉన్నదున్నట్టు చెప్పారు. వాచ్‌మన్‌లని పెంచమనలేదు, రెయిలింగు ఎత్తు పెంచమనలేదు. మంటపం వెంటనే కట్టాలని అడిగారు. మేడమ్ సరే అన్నారు. మీరు ఎన్ని డిగ్రీలు చదివి వచ్చినా ఈ ముక్క రాసిపెట్టుకోండి. పార్కుకి కాపలా మనిషిని జీతమిచ్చి పెట్టక్కర్లేదు. అక్కడ ముందునుంచీ ఎవరికి పనుందో కనుక్కుని, వాళ్ళు కూర్చోవడానికి ఖర్చు పెట్టండి. నీళ్ళు, నీడ, గడియ ఉన్న బాత్రూం, తెరిచిన గేటు. వీటి తర్వాత కూడా డబ్బు మిగిలితే ఫౌంటెన్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనింతవరకు మిగలడం చూడలేదు.

సాయంత్రానికి తొలి వేటకి పోయిన పడవలు తిరిగొచ్చాయి. ఎర్రయ్య పడవ నిండుగా వచ్చింది. ఇంకా పూర్తిగా ఒడ్డెక్కకముందే మూర్తి గారు నీళ్ళలోకి దిగి ఎదురెళ్ళారు.

"ఎర్రయ్యా, మీ వల మళ్ళీ ఎప్పుడు చిరుగుతుంది?"

ఎర్రయ్య తెల్లబోయాడు. "అదేటి బాబూ, తొలి ఏటకే సాపం ఎడతన్నారు!"

పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సంగతి నేను చెప్పాను. ఎర్రయ్య మోకులు అందిస్తూ, "సిరగడానికేటి, రాయి తగిల్తే రేపే సిరుగుతాది. మీరు నీడెయ్యండి, మేం కూకుంతాం. కుళాయిలు మా నూకాలు సూసుకుంటాది" అన్నాడు. చేపలు తీసుకోమని బలవంతం చేశాడు. మూర్తి గారు శాకాహారి. నేను కాదు.

మరుసటి ఎండాకాలానికి మంటపం తయారైంది. స్తంభాలకి వరసగా కొక్కేలు, కొక్కేలకి వలలు. ప్లాన్‌లో రాసింది అబద్ధం కాకూడదని నూకాలమ్మ తెగిన వల ముక్కలతో ఒక బుట్ట అల్లింది. అందులో మట్టి పోసి, బంతిమొక్క పెట్టి, గేటుకి దగ్గరగా ఉన్న మొదటి కొక్కేనికి తగిలించింది. ఇప్పటికీ ఉంది, మొక్క మారుతుందిగాని. మీకు ఎప్పుడైనా ఆ పార్కు అప్పగిస్తే, తనిఖీకి వచ్చే కొత్త ఆఫీసరు కాగితం చూసి, ఆ ఒక్క బుట్టా, ఖాళీ కొక్కేలూ చూసి, "మిగతా పూలబుట్టలేవి?" అని తప్పకుండా అడుగుతాడు.

వేటకెళ్ళాయని చెప్పండి.